సత్రములో చోటు

డిసెంబరు 24వ తేదీ సాయంకాలము బేలూరు మఠమున, శ్రీరామకృష్ణుల ఆలయములో హారతి ముగిసిన పిమ్మట, ఒక చిత్రపటమును పూలతో అలంకరింతురు. అది మరియమ్మ ఒడిలోనున్న బాలయేసు పటము. పటము ముందు దీపములు వెలిగింతురు. పండ్లు, మిఠాయిలు, కేకులు నివేదింతురు. యేసు జన్మవృత్తాంతమును, కొండమీద ఆయన చేసిన బోధను బైబిలునుండి చదువుదురు. కాషాయవస్త్రధారులైన సన్న్యాసులును, నగరమునుండి వచ్చిన గృహస్థులును కూర్చుండి క్రిస్మసు గీతముల నాలకింతురు. కృష్ణాష్టమివలె, శివరాత్రివలె ఇదియు ఆ మఠమున ఏటేట జరుగు పూజయే గాని, వచ్చిన విదేశీయుల సంతోషార్థము కల్పించిన వేడుక కాదు.

దీనిని మొదటిసారి చూచినవారిలో కొందరు, 'హిందూ సన్న్యాసుల మఠమున క్రీస్తుపూజ యేల?' యని అడుగుట కలదు. 'సర్వమతములు సత్యములే గదా!' యని వెంటనే సమాధానము వచ్చును. ఆ సమాధానము నిజమే. కాని చాల సులభమైనది. సర్వమతములు సత్యములని చెప్పుటకు నోరు చాలును. దానికై ఎవరును తమ ఇంటి తలుపు తెరువనక్కరలేదు. మఠమున క్రిస్మసు పూజకు మూలము సిద్ధాంతము గాదు, రెండు సంఘటనలు. వానిలో మొదటిది దక్షిణేశ్వరమున, రెండవది ఆంట్‌పూరు గ్రామమున జరిగెను.

1874వ సంవత్సర ప్రాంతమున శంభుచరణ మల్లికు అను భక్తుడు శ్రీరామకృష్ణులకు బైబిలు చదివి వినిపించుచుండెను. దక్షిణేశ్వరాలయమునకు చేరువనే యదునాథ మల్లికుగారి తోట యుండెను. అచ్చటి భవనమున ఒక గోడకు మరియమ్మ బాలయేసును ఎత్తుకొనియున్న పటము వ్రేలాడుచుండెను. ఒకనాడు శ్రీరామకృష్ణులు ఆ పటమును చూచుచు కూర్చుండగా అది సజీవమైనట్లును, దానినుండి వెలువడిన కాంతి తమ హృదయమున ప్రవేశించినట్లును వారికి తోచెను. పుట్టుకతో వచ్చిన సంస్కారములన్నియు ఎటకో తొలగిపోయెను. మూడు దినములు వారు కాళికాలయమునకు వెళ్ళుమాటయే తలపెట్టలేదు. ఆ మూడవనాటి చివర పంచవటిలో నడచుచుండగా తేజస్వియైన ఒక పురుషుడు ఎదురుగ వచ్చి, వారిని కౌగిలించుకొని, వారిలోనే లీనమయ్యెను. అప్పటినుండి వారు క్రీస్తును అవతారపురుషునిగ నెంచిరి. దక్షిణేశ్వరమున వారు నివసించిన గదిలో దేవతాపటములతోపాటు, నీట మునుగుచున్న శిష్యుడగు పేతురును క్రీస్తు చేయి పట్టి లేవనెత్తు పటము నుండెను. దానికిని ఉదయ సాయంకాలములయందు ధూపము వేయుచుండిరి.

గమనింపదగిన విషయమేమనగా, శ్రీరామకృష్ణులు క్రైస్తవమును గూర్చి తీర్పు చెప్పుటకు పూనుకొనలేదు. గడప దాటి వచ్చినవానికి మూడు దినములు ఇల్లంతయు అప్పగించిరి. అతిథి వచ్చినప్పుడు గృహస్థుడు తన పడక నతనికిచ్చి తాను అరుగుమీద పండుకొనునట్లు, తమ చిరకాల సంస్కారములను సైతము ఆ మూడు దినములు వెలుపల నుంచిరి.

1886 ఆగస్టు 16న కాశీపురపు తోటలో వారు మహాసమాధి చెందిరి. తోట బాడుగకు తీసికొన్నది. దానిని ఖాళీ చేయవలసివచ్చెను. సేవచేసిన యువకులలో కొందరిని తలిదండ్రులు వచ్చి పరీక్షలకు చదువుకొమ్మని ఇంటికి కొనిపోయిరి. కొందరికి పోవుటకు చోటేలేదు. గృహస్థభక్తుడైన సురేంద్రనాథ మిత్ర నెలనెల ధనమిచ్చెదననగా వరాహనగరమున ఒక పాడుపడిన ఇల్లు దొరికెను. పాములకును, దయ్యములకును నెలవని దానికి పేరు. అదియే మొదటి మఠము. ఆ దినములలో సంఘము నిలుచునో చెదరిపోవునో ఎవరును చెప్పలేకుండిరి.

ఆ సంవత్సరము డిసెంబరులో బాబూరాము తల్లి మాతంగినీదేవి తన కుమారుని, అతని సోదరశిష్యులను హుగ్లీ జిల్లాలోని తమ స్వగ్రామమగు ఆంట్‌పూరునకు పిలిచెను. ఇట్టి పిలుపునకు లోకమున పెద్ద పేరుండదు. కుమారుడు ఇల్లు విడుచునేమోయని భయపడు తల్లి, అతనిని ఇల్లు విడుచుటకు పురికొల్పు మిత్రులనందరిని భోజనమునకు పిలుచుట యెంత కష్టమో కన్నతల్లులకే తెలియును. ఆమె స్వయముగ శ్రీరామకృష్ణుల భక్తురాలు. కుమారుని శ్రీరామకృష్ణులు అడిగినప్పుడే ఆమె సమ్మతించియుండెను. నరేంద్రుడు, బాబూరాము, శరత్తు, శశి, తారకుడు, కాళి, నిరంజనుడు, గంగాధరుడు, శారద, ఈ తొమ్మండుగురు రైలెక్కి పాటలు పాడుకొనుచు ఆ పల్లెను చేరిరి.

ఒకనాటి రాత్రి ఇంటి ఆవరణలో మొద్దులు పేర్చి ధుని రగిల్చిరి. ఆకాశము నిర్మలముగ నుండెను, పల్లె నిద్రించుచుండెను. చాలసేపు ధ్యానమైన తరువాత నరేంద్రుడు క్రీస్తుచరిత్ర చెప్పనారంభించెను. పశువులపాకలో జననము మొదలు శిలువమీది మరణము, పునరుత్థానము వరకు చెప్పెను. నక్కలకు బొరియలున్నవి, పక్షులకు గూళ్లున్నవి, తనకు మాత్రము తల వాల్చుకొనుటకు చోటులేదని ఆ మహాత్ముడు చెప్పుకొన్న మాటను వివరించెను. ఆయన శిష్యులు ఇల్లువాకిళ్లు విడిచి ఆయన సందేశమును దేశదేశములకు మోసిన తీరును వర్ణించి, సోదరులను అట్లే కమ్మని వేడెను. ధుని చుట్టునున్న తొమ్మండుగురు లేచి అగ్నిసాక్షిగ సంసారమును త్యజించెదమని ప్రతిజ్ఞ చేసిరి. అది క్రిస్మసుకు ముందునాటి రాత్రి యని వారికి అప్పుడు తెలియదు; తరువాత లెక్క చూచుకొని ఆశ్చర్యపడిరి. మరుసటి నెలలో, అనగా 1887 జనవరిలో, వారిలో పలువురు వరాహనగరమున విరజాహోమము చేసి శాస్త్రోక్తముగ సన్న్యాసము స్వీకరించిరి. నరేంద్రుడే వివేకానందస్వామి, బాబూరామే ప్రేమానందస్వామి. ధుని వెలిగిన తావున నేడు మండపమున్నది.

తలదాచుకొనుటకు నిలుకడయైన చోటులేని యువకులు, తల దాచుకొనుటకు చోటులేకపోయినవాని కథ చెప్పుకొనిన రాత్రి యది. కావుననే అది వారి హృదయములకు అంత సూటిగ తగిలెను. వివేకానందస్వామి పరివ్రాజకులై దేశమంతయు తిరుగునప్పుడు భగవద్గీతతోపాటు 'క్రీస్తానుకరణము' అను చిన్న గ్రంథమును వెంట నుంచుకొనిరి. 1889లో దానిలో కొంతభాగమును వంగభాషలోనికి అనువదించి ప్రకటించిరి కూడ.

ఆ రాత్రి చెప్పుకొనిన కథను లూకా సువార్త ఎంతో క్లుప్తముగ చెప్పుచున్నది. రోమను చక్రవర్తి అగస్తు ప్రజాసంఖ్య వ్రాయింప నాజ్ఞాపించెను. ఎవరి వంశస్థానమునకు వారు పోయి పేరు వ్రాయించుకొనవలెను. యోసేపు వడ్రంగి, నజరేతు నివాసి. నిండుచూలాలగు మరియమ్మను వెంటబెట్టుకొని దక్షిణముగ బేత్లెహేమునకు పోయెను. పట్టణమంతయు ఇట్లే వచ్చినవారితో క్రిక్కిరిసియుండెను. ఆమెకు నొప్పులు వచ్చెను. బిడ్డ పుట్టెను. పొత్తిగుడ్డలలో చుట్టి పశువుల తొట్టిలో పరుండబెట్టెను. కారణము ఒక్కటే చెప్పబడినది: సత్రములో వారికి చోటులేదు.

తెలుగు బైబిలును సిద్ధపరచినవారు ఇచ్చట 'సత్రము' అను మాట నుంచుట ఎంతయు ఔచిత్యము. ఆ మాట వినగానే తెలుగువారి మనస్సునకు కాశీకి, రామేశ్వరమునకు పోవు బాటలు, చెరువుగట్టులు, వంటశాలలు, పుణ్యమునకై ధర్మాత్ములు కట్టించిన వసారాలు తోచును. బేత్లెహేము సత్రముయొక్క యజమాని దుర్మార్గుడని సువార్త ఎచ్చటను చెప్పలేదు. కథలు చెప్పువారు తరువాత అతనిని కఠినాత్మునిగ కల్పించిరి గాని, మూలమున అతని ప్రస్తావనయే లేదు. చోటులేదు, అంతమాత్రమే. లోకములో సాధారణముగ జరుగు పాపము ఇట్టిదే. గెంటివేయువారు అరుదు, 'చోటులేదు' అని నెమ్మదిగ చెప్పువారే అధికము. అట్లు చెప్పి తలుపు మూసికొనిన తరువాత వారికి నిద్రయు చక్కగ పట్టును.

ఆ రాత్రి వార్త మొదట ఎవరికి అందినది? పొలములలో గొఱ్ఱెలమందలను కాచుకొనుచు మేల్కొనియున్న కాపరులకు. దేవాలయపు అర్చకులకు గాదు, రాజాస్థానమునకు గాదు. ఈ చోట భాగవతము చదివినవారికి వ్రేపల్లె జ్ఞప్తికి రాకమానదు. చెరసాలలో పుట్టిన బిడ్డ అర్ధరాత్రివేళ యమున దాటి గొల్లల ఇల్లు చేరెను. అక్కడ కంసుడు, ఇక్కడ హేరోదు. ఇరువురును పసిబిడ్డలను చంపించిరి. ఈ పోలికలు చూచి, ఏ కథనుండి ఏ కథ పుట్టినదో తేల్చవలెనని గత శతాబ్దములలో పండితులు కొందరు బహు శ్రమపడిరి. భక్తునకు ఆ శ్రమతో పనిలేదు. బలవంతుని కోటలో చోటుదొరకని దైవము పశువులు కాచువారి నడుమ చోటు వెదకికొనుట రెండుచోట్లను కనబడుచున్నది. అది గ్రహించిన చాలును.

క్రీస్తు ఏ తేదీన జన్మించెనో సువార్తలు తెలుపవు. డిసెంబరు 25న ఉత్సవము జరుపుట రోమునగరమున నాల్గవ శతాబ్దమున, 336వ సంవత్సరమునకు చెందిన దాఖలాలో కనబడుచున్నది. అర్మేనియా క్రైస్తవులు జనవరి 6న జరుపుకొందురు; పాత పంచాంగము ననుసరించు రష్యా మొదలగు దేశములవారికి అది జనవరి 7న వచ్చును. 1223లో ఇటలీదేశపు గ్రేచ్చో గ్రామమున అస్సీసి ఫ్రాన్సిసుమహాత్ముడు నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డితో నింపిన తొట్టిని తెప్పించి జన్మదృశ్యమును పల్లెజనులకు చూపెను. రాజకుమారునివలె బంగారు పట్టెమంచముపై చిత్రింపబడుచున్న శిశువును మరల గడ్డిమీదికి దించినవాడాయన. నేడు ఇళ్లలోను, చర్చిలలోను కట్టు పాకలు ఆ సంప్రదాయమునకు చెందినవే. ఎఱ్ఱని అంగీ తొడుగుకొని బహుమానములు పంచు తాతను గూర్చి, అంగళ్ల అలంకారములను గూర్చి ఇచ్చట చెప్పవలసినది లేదు; వర్తకులు దానిని చక్కగనే చూచుకొందురు.

సత్రము మాట వచ్చినది గనుక రంతిదేవుని మాటయు చెప్పవలెను. భాగవతము నవమస్కంధమున నున్న ఆ కథను క్రిస్మసునాడు చదువుకొన్న గృహస్థునకు పండుగ అర్థము రెట్టింపగును. సంకృతి కుమారుడగు రంతిదేవుడు దొరికినదెల్ల దానము చేయుచు కుటుంబముతో పస్తులుండెను. నలువదియెనిమిది దినములు నీరును లేకుండ గడచెను. మరునాటి ఉదయమున నేయి, పాయసము, మంచినీరు లభించెను. ఆలుబిడ్డలతో భుజింప కూర్చుండగా బ్రాహ్మణుడొకడు అతిథియై వచ్చెను, భాగమిచ్చెను. మిగిలినది తినబోవగా శూద్రుడొకడు వచ్చెను, అతనికిని ఇచ్చెను. తరువాత కుక్కలగుంపుతో వేరొకడు వచ్చి, తానును కుక్కలును ఆకలిగొన్నామనెను. శేషించిన అన్నమంతయు ఇచ్చి, ఆ కుక్కలకును, వాని యజమానికిని నమస్కరించెను. ఒక్కని దాహమునకు చాలు నీరు మాత్రము మిగిలెను. దానిని త్రాగబోవుచుండగా, లోకము అంటరానివానిగ నెంచిన పుల్కసుడొకడు వచ్చి నీరడిగెను. అతని గొంతులోని దైన్యమును విని రంతిదేవుని గుండె కరిగెను. తనకు అష్టసిద్ధులు వలదు, మోక్షమును వలదు, సర్వప్రాణులలోనుండి వారి దుఃఖమును తానే అనుభవింపవలెనని కోరి, ప్రాణము పోవుచున్నను ఆ నీటిని అతనికి పోసెను.

వచ్చిన నలుగురు మారువేషములలోనున్న దేవతలని కథ చివర తెలియును. కాని పోసిన క్షణమున రంతిదేవునకు ఆ సంగతి తెలియదు. తెలిసి పోయుటలో గొప్పయేమి? బేత్లెహేము సత్రములోనివారికి కూడ తలుపుకడ నున్నది ఎవరో తెలిసియున్నచో, పట్టుపరుపులు పరచియుందురు.

ఆంధ్రదేశమున అన్నసత్రములకు కొదువలేదు. గోదావరి లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగానివేళ వచ్చినవారికిని వండి వడ్డించి అపరాన్నపూర్ణయని పేరుగాంచిరి. ఇట్టి పుణ్యమూర్తులను తలచుకొనుట ఎంత న్యాయమో, రెండవ పక్షమును దాచకుండుటయు అంత న్యాయము. అనేక సత్రములు ఒక్కొక్క కులమునకు మాత్రమే తెరచియుండెను. ఊరి చెరువు, ఊరి గుడి, ఊరి బడి, ఊరి బావి, వీనిలో వేటియందును చోటులేని జనము ప్రతి గ్రామమునకు వెలుపల శతాబ్దములు జీవించిరి. వారిని ఎవరును దినదినము గెంటివేయ నక్కరలేకపోయెను. చోటులేదని వారికే తెలియును.

ఈ నేపథ్యమును చూడనివారికి తెలుగునాట క్రిస్మసు కథ అర్థము కాదు. 1876–78 నాటి మహాక్షామమున ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుగ తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. వారిలో మాదిగలు విశేషముగ నుండిరి. కఱవుపని సాగినంతకాలము కూటికై మతము పుచ్చుకొన్నారను మాట రాకుండుటకు ఎవరికిని బాప్తిస్మ మియ్యలేదు. పని ముగిసిన పిదప, 1878 జులై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది పుచ్చుకొనిరి. మెదకులో చార్లెసు వాకరు పాస్నెట్టుగారి ఆధ్వర్యమున కట్టిన పెద్ద చర్చి కథయు ఇట్టిదే. కఱవుదినములలో అన్నము కావలసినవారికి ఆ నిర్మాణము పనియు కూడును ఇచ్చెను. అది 1924 డిసెంబరు 25న, క్రిస్మసునాడే, ప్రతిష్ఠింపబడెను.

ఇది చదివి నొచ్చుకొను హిందువులుందురు. మతము మార్చుటకై మేలు చేయుట మేలు కాదని వారందురు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఆత్మను బేరమాడి కొనుట ఏ మతమువారు చేసినను నింద్యమే. ఎవని ఇష్టదైవమును వానినుండి లాగికొనుట ఆధ్యాత్మికముగ హింసయే యని శ్రీరామకృష్ణుల బోధనుండి తేలుచున్నది. కాని వివేకానందస్వామి ఈ విషయమున మొదటి వ్రేలు ఎవరివైపు చూపిరో గుర్తుంచుకొనవలెను. దక్షిణదేశమున అంటరానితనమును కన్నులార చూచినప్పుడు, వెళ్లిపోయినవారిని గాని, పిలిచినవారిని గాని ముందు నిందింపక, వెళ్లిపోవలసిన దుఃస్థితిని కల్పించిన ఉన్నతకులములవారినే తీవ్రముగ నిందించిరి. తమ సత్రములో చోటులేదని చెప్పి, వేరొకరి పాకలో పండుకొన్నాడని కోపించుట ధర్మము గాదు గదా!

గుఱ్ఱము జాషువ 1941లో 'గబ్బిలము' వ్రాసెను. అందు అస్పృశ్యుడొకడు తన గోడును శివునకు విన్నవింపుమని గబ్బిలమును పంపును. ఏలయన తనకు గుడిలో ప్రవేశము లేదు, గబ్బిలమునకున్నది! ఆ కవియే తరువాత 'క్రీస్తు చరిత్ర' వ్రాసి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము నందెను. రెండు కావ్యములను ఒకే హృదయము వ్రాసినది. శివుని తలుపు తట్టినవాడే తొట్టిలోని శిశువును పాడెను. తెలుగు క్రైస్తవులకు పుట్టింటి భాష, పుట్టింటి బాణీ దూరము కాలేదనుటకు పురుషోత్తమ చౌధురి (1803–1890) కీర్తనలే సాక్షి; త్యాగయ్యగారి కాలమున పుట్టిన ఆ కవి, రాగతాళములతో క్రీస్తును కీర్తించెను.

క్రిస్మసు వచ్చునది ధనుర్మాసమున. ఒక వీధిలో తెల్లవారుజామున తిరుప్పావై వినబడుచుండును. వాకిళ్లలో ముగ్గులు, గొబ్బెమ్మలు. వేరొక వీధిలో ఇంటిమీద కాగితపు నక్షత్రములో దీపము వెలుగుచుండును. రాత్రివేళ పాటలజట్టు గడపగడపకు తిరుగుచుండును. రెండు వీథులవారికిని చలి ఒక్కటే, భాష ఒక్కటే, అరిసెల పాకము ఒక్కటే. క్రైస్తవుల ఇండ్లనుండి ఇరుగుపొరుగు ఇండ్లకు పండుగనాడు పిండివంటలు వచ్చును. వానిని చిరునవ్వుతో అందుకొని, తలుపు వేసికొని, తాము తినక పనిమనిషికి ఇచ్చివేయు ఇండ్లు ఈనాటికిని లేకపోలేదు. గోడమీద పరమహంస పటము, బీరువాలో స్వామీజీ గ్రంథావళి ఉన్న ఇండ్లును వానిలో నుండవచ్చును. 1950లో రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసెను. కాని మూసిన తలుపు లోపల పళ్లెమునకు ఏమి జరుగునో ఏ చట్టమునకు తెలియును? ఆ ఇంటి బిడ్డకు మాత్రము తెలియును. బిడ్డ చూచుచుండును. సర్వమతసామరస్యమును గూర్చి ఆ బిడ్డకు తరువాత ఎన్ని ఉపన్యాసములు వినిపించినను, వంటింటిలో చూచినదానినే నమ్మును.

అట్లు గాక, ఆ పళ్లెములోని అరిసెను ఇంటిల్లిపాది తిని, పళ్లెమును వట్టిదిగ పంపకూడదను పెద్దల ఆచారము ననుసరించి తమ ఇంటి పొంగలినో, పులిహోరనో పెట్టి, బిడ్డలచేతనే పంపిన ఇంటిలో క్రిస్మసు జరిగినట్లే. పూజ వేరుగ చేయకున్నను లోపము లేదు. బేలూరు మఠమున పటము నుంచి నివేదించు నైవేద్యమునకును దీనికిని తేడా లేదు. పొరుగింటి పెద్దలను పండుగనాడు చూడబోవుట, వారు చదువుకొను జన్మకథను శ్రద్ధతో వినుట, తమ ఇంట జరుగు మాతృదేవి జయంతికి వారిని పిలుచుట, వీనివలన ఎవరి మతమును చెడదు. శ్రీశారదాదేవి జన్మతిథి కూడ ఈ చలికాలమునందే వచ్చును. తన ఇంట ముస్లిమైన అంజదునకు స్వయముగ వడ్డించి, అతడు తినిన చోటును స్వయముగ శుభ్రముచేసిన తల్లి ఆమె. కులము పోవునని ఎవరో ఆక్షేపింపగా, శరత్తు తనకెట్లు కుమారుడో అంజదు నట్లే కుమారుడని చెప్పెను. శరత్తనగా శారదానందస్వామి, ఆంట్‌పూరు ధుని చుట్టు కూర్చుండినవారిలో నొకరు.

పండుగ కుటుంబముతో చేసికొనవలసినదే. దూరమున నున్న బిడ్డలు ఇల్లు చేరుట, అందరు ఒక పంక్తిని కూర్చుండుట పవిత్రమైన విషయములే. అయినను ఈ పండుగకు మూలమైన కుటుంబము ఆ రాత్రి స్వగృహమున లేదు. తలుపు మూసికొని తమవారితో మాత్రము జరుపుకొను క్రిస్మసు ఎంత మధురమైనను అది సత్రము లోపలివారి పండుగ. ఆ రోజున ఊరిలో ఒంటరిగ నుండువారు ఎందరో! ఇంటికి పోలేని విద్యార్థులు, ఆసుపత్రి మంచములపైనున్నవారు, పని వెదకికొనుచు పరభాషాప్రాంతమునుండి వచ్చి కట్టుచున్న భవనముల నీడలో రేకులు కప్పుకొని కాపురముండు కూలీలు. వీరిలో నిండుచూలాండ్రును ఉందురు. ప్రజాసంఖ్యకై గాక కూలికై వచ్చినవారనుటయే భేదము.

వివేకానందస్వామి 1892 డిసెంబరు చివర కన్యాకుమారి శిలపై ధ్యానమగ్నులై కూర్చుండిన మూడు దినములు 25, 26, 27 తేదీలని సంప్రదాయము చెప్పుచున్నది. అక్కడ వారు ధ్యానించినది ఈ దేశపు పేదలను గూర్చి. 1897 మే 1న రామకృష్ణ మిషను స్థాపింపబడెను. ఆ సంవత్సరమే ఆంట్‌పూరు తొమ్మండుగురిలో మరియొకరగు గంగాధరుడు, అఖండానందస్వామి, ముర్షిదాబాదు జిల్లాలో కాలినడకను పోవుచుండెను. దేశము కఱవుతో మాడుచుండెను. దాద్‌పూరు అను చోట ఒక ముస్లిము బాలిక పగిలిన కుండను చూచి వెక్కివెక్కి ఏడ్చుచుండెను. ఇంటిలో నీళ్లకు వేరొక పాత్ర లేదు. కుండ పగులగొట్టినందుకు తల్లి కొట్టును. స్వామి దగ్గర నున్నది కొద్దిపాటి పైకము. అంగడికి పోయి ఆ బాలికకు క్రొత్తకుండయు, కొన్ని అటుకులును కొనియిచ్చెను. అంతలో ఆకలితో కన్నులు గుంటలుపడిన పిల్లలు మరికొందరు వచ్చి చుట్టుముట్టి చేతులు చాచిరి. మిగిలిన పైకమునకు అటుకులు కొని వారికిని పంచెను.

ఆయన అక్కడనుండి ముందునకు పోవలెననుకొనెను. పోలేకపోయెను. మహులా గ్రామమున నిలిచి, ఆలంబజారు మఠముననున్న సోదరులకు ఉత్తరములు వ్రాసెను. ధనము వచ్చెను, మే నెలలో బియ్యము పంచుట మొదలయ్యెను. మిషను చేసిన క్షామనివారణ సేవలలో అది మొదటిది. కఱవు తగ్గిన తరువాత ఎవరును లేని పిల్లలు మిగిలిరి. వారిని ఎక్కడికి పంపుట? తన దగ్గరనే ఉంచుకొనెను. ఆ అనాథాశ్రమము తరువాత సారగాఛీలో స్వంత భూమి సంపాదించుకొనెను. బేలూరు మఠాధ్యక్షపదవి వచ్చిన పిమ్మట కూడ ఆయన మనస్సు ఆ పిల్లలయొద్దనే యుండెను.